గది ఊపిరి

తలుపు మూసే ముందు సంచులక్క చెప్పింది ఒకటే మాట. "ఏమీ తినకు, తాగకు, అటూ ఇటూ తిరగకు. ఊరికే ఊపిరి తీసుకుంటూ కూర్చో తల్లీ, గంటలో వస్తాను." ఊరికే, అట. పిట్ట, అమ్మ మంచం అంచున కూర్చుని బుద్ధిగా తల ఊపింది కానీ, ఈ గదిలో ఊపిరి తీసుకోవడం ఊరికే చేసే పని కాదని మాత్రం చెప్పలేదు. తలుపు పడగానే అలవాటు కొద్దీ కాలు చాపి, తలుపు కింద సందులోకి అమ్మ పాత చీర మడతను తోసింది. ఇక గదిలో తనూ, బల్ల మీద చిన్న మోటారూ, దానికి తగిలించిన సంచీ. వెండి రేకులా మెరిసే ఆ సంచి ఇంకా చదునుగా, అలిసిపోయి పడుకున్నదానిలా ఉంది. మోటారు గుర్రుమంటూ గదిలోని గాలిని కొద్దికొద్దిగా దానికి తాగిస్తోంది. గంట గడిచాక పిట్ట ఇంకో సంచిలో ఊదాలి. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారట. "నీ ఊపిరిలోంచి గది గాలిని తీసేస్తే మిగిలేది నువ్వు," అని సంచులక్క నవ్వుతూ చెప్పింది. తర్వాత నవ్వకుండా ఇంకో మాట చెప్పింది. గదిలో లేనిది పిట్టలో ఏమైనా కనిపిస్తే అది ఒంట్లో పుట్టినదని అర్థం, పెద్దాసుపత్రికి రావాలి. పెద్దాసుపత్రి అంటే ఏమిటో పిట్టకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మ కూడా తనకిప్పుడున్నలాంటి పొడి దగ్గుతోనే వెళ్లింది, ఇలాగే సంచిలో ఊదింది. మొదట్లో అది ఆటలాగే ఉండేది.

సంచులక్క అనే పేరు అమ్మే పెట్టింది. ఆసుపత్రిలో ఊపిరితిత్తుల జబ్బుల మీద పరిశోధన చేసేవాళ్లలో ఆమె ఒకతె. మనుషులు వదిలే ఊపిరిని సంచుల్లో పట్టి, మెషీనుకు తాగించి, లోపల ఏ జబ్బు దాక్కుని ఉందో గీతలుగా చూస్తారు. నెలనెలా అమ్మ వెళ్లి ఊదేది, పక్కన పిట్ట కూర్చునేది. "చూడవే, రక్తం అక్కర్లేదు, సూది అక్కర్లేదు, ఊరికే పోయే గాలి కోసం ఇంత మంది చదువుకున్నవాళ్లు కాచుకుని కూర్చున్నారు, నా గాలికి ఎంత గిరాకీ," అని అమ్మ అంటే సంచులక్క కూడా నవ్వేది. ఊదడం సంగతి తమ ఇంటివాళ్లకు చెప్పాలా. నాన్నది టైర్ల పంక్చర్ల కొట్టు. పొద్దస్తమానం ఆయన చేసేది గాలిని పట్టి ఉంచడమే. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, చేత్తో నొక్కుతూ తిప్పుతూ, ఎక్కడ బుడగ లేస్తుందో చూస్తాడు. గాలిని నమ్మకూడదు పిట్టా, అంటాడు, గుండుసూది మొనంత దారి దొరికితే చాలు, చెప్పాపెట్టకుండా పోతుంది. ఆ మాట అన్నప్పుడు అమ్మ ఇంకా ఉంది. ట్యూబులకే అన్నాడు, పిట్ట కూడా ట్యూబులకే అనుకుంది.

తలుపు అవతల వాళ్ల మాటలు వినిపిస్తున్నాయి, నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు. నాన్న గొంతు భయం వేసినప్పుడే ఇంత హుషారుగా ఉంటుంది. "మేడమ్, నా దగ్గర గాలి కొట్టే మిషను ఉంది, మీ సంచులన్నీ ఇటు పడేయండి, క్షణంలో నింపి ఇస్తా." "మీ మిషను గాలి మాకెందుకన్నా, మాకు మనిషి గాలి కావాలి." "అయితే నేను మనిషిని కానా?" సంచులక్క నవ్వు. తర్వాత నాన్న ఏదో మెల్లగా అడిగాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. ఏమని అడిగి ఉంటాడు. పిల్లకు కూడా అదేనా అని అడిగి ఉంటాడు. పిట్టకు గొంతులో దురద మొదలైంది, దగ్గు, లేదు, రానివ్వకూడదు, దగ్గితే ఒక్కసారే బోలెడు బయటికి పోతుంది, మళ్లీ బోలెడు లోపలికి లాగాల్సి వస్తుంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గును మింగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్ల తెరలోంచి చూస్తే సంచి కొంచెం లేచినట్టు కనిపించింది. ఇందాక చదునుగా ఉన్నది ఇప్పుడు మధ్యలో ఉబ్బి ఉంది. పడుకున్న మనిషి ఛాతీలా.

ఆ రోజు కూడా మధ్యాహ్నమే. ఇదే మంచం, ఇదే కిటికీ, ఎండ ఇలాగే పరదా అంచు కింద నుంచి పాకుతూ వచ్చి నేల మీద ఆగింది. అమ్మ వీపుకు చెవి ఆనించి పిట్ట కూర్చుని ఉంది, అలా వినడం ఇద్దరికీ అలవాటైపోయింది. లోపల ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు ఉండేది. లోపలికి నడక, బయటికి నడక. "ఏమంటోందే," అని అమ్మ అడిగేది. "ఎవరో వస్తున్నారమ్మా." "రానీ, తలుపు తీసే ఉంది." అది వాళ్లిద్దరి హాస్యం. ఆ మధ్యాహ్నం బయటికి ఒక నడక వెళ్లింది. మెల్లగా, చాలా దూరం వెళ్లింది. లోపలికి వచ్చే నడక కోసం పిట్ట చెవి పెట్టుకుని కూర్చుంది. కూర్చునే ఉంది. నాన్న కొట్టు నుంచి వచ్చేదాకా అలాగే కూర్చుంది. తర్వాత జనం వచ్చారు, ఏడ్చారు, వెళ్లారు. ఆ గోలంతటిలో పిట్ట తలలో ఒకటే మాట తిరిగింది. అమ్మ చివరి ఊపిరి లోపలికి తీసుకోలేదు, బయటికి వదిలింది. వదిలితే అది ఎక్కడికి పోతుంది. ఈ గదిలోనే కదా ఉండాలి.

దానికి ముందు నెల ఆసుపత్రిలో అమ్మ సంచి నింపలేకపోయింది. ఊదుతుంది, ఆగుతుంది, మళ్లీ ఊదుతుంది. "సగమైనా చాలమ్మా," అంది సంచులక్క. ఆ సగం సంచిని కాసేపు పిట్ట ఒళ్లో పెట్టారు. ఏమీ బరువు లేదు. లోపల అమ్మ ఉంది, బరువు లేదు. ఇది ఇలాగే ఉంటుందా అక్కా, అని అడిగితే సంచులక్క బిరడా తిప్పుతూ, "మూతి బిగించి ఉండి, ఎక్కడా లీకు లేకపోతే మీ అమ్మ ఊపిరి మీ అమ్మ ఊపిరిలాగే ఉంటుంది," అంది. కొన్నాళ్లు, అని కూడా అంది. ఆ చివరి మాట పిట్ట చెవిని తాకి జారిపోయింది. జనమంతా వెళ్లిపోయిన మర్నాడు పిట్ట కొట్టులోంచి పాత ట్యూబు ముక్కలూ, సొల్యూషన్ డబ్బా తెచ్చుకుంది. కిటికీ రెక్కల మధ్య సందుకు ఒకటి, చెక్కకూ గోడకూ మధ్య ఒకటి, గొళ్లెం చిల్లుకు గుండ్రంగా కత్తిరించి ఒకటి. రబ్బరును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ఆరేదాకా ఆగి, అప్పుడు అంటించి గట్టిగా నొక్కింది. నాన్న చేసినట్టే. దుమ్ము వస్తోందని నాన్నతో అంది. నాన్న పరదా ఎత్తి చూడలేదు. ఆయన ఈ గదిలోకి రావడమే మానేశాడు. పిట్ట తన పక్క ఇక్కడికి మార్చుకుంది.

అప్పటి నుంచి ఒక లెక్క ఉంది, ఎవరికీ చెప్పనిది. లోపలికి వచ్చే ముందు గుమ్మం బయటే ఊపిరంతా వదిలేయాలి, వీధి గాలిని లోపలికి మోసుకురాకూడదు. బడికి వెళ్లేటప్పుడు గుమ్మం లోపలే అంతా వదిలేయాలి, అమ్మను బయటికి మోసుకుపోకూడదు. ఖాళీగా వచ్చి, ఖాళీగా వెళ్లాలి. మధ్యలో కొంచెం కొంచెంగా, పిట్టలు నీళ్లు తాగినట్టు. ఎందుకంటే తను పీల్చిన ప్రతిసారీ అమ్మ కొంచెం తగ్గిపోతుందేమో. తను వదిలింది అమ్మ స్థానంలో చేరుతుందేమో. మొదట్లో గది అంతా అమ్మ వాసనే, మందుల వాసన, తలనూనె వాసన. తర్వాత ఇంకో వాసన వచ్చింది, తడి గుడ్డ మూల పడేసి మరిచిపోయినట్టు. అమ్మ వాసన ముదిరితే ఇలా ఉంటుందని పిట్ట అనుకుంది. మరీ అనుకోలేదు, అనుకోవాలనుకుంది. పొద్దున లేవగానే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుండేది. లేచి చూస్తే ఎవరూ ఉండరు. కానీ ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు ఉండేది. భయం వేయలేదు. భయమెందుకు, అమ్మే కదా.

మోటారు ఆగింది. కరెంటు పోయిందా. లేదు, దానికదే ఆగి, కాసేపు ఊరుకుని, మళ్లీ మొదలవుతోంది, పాత మోటారేమో. అది ఆగినప్పుడు సంచి కొంచెం కిందికి దిగుతోంది. మొదలైనప్పుడు లేస్తోంది. లేస్తోంది, ఆగుతోంది, దిగుతోంది. ఆ రేకు మడతలు విచ్చుకుంటున్నప్పుడు చప్పుడు, చిటచిట, పిట్ట వెన్ను నిటారుగా అయింది, ఈ చప్పుడు తనకు తెలుసు. ఎండుటాకుల మీద నడక. లోపలికి ఒక నడక. బయటికి ఒక నడక. చెవి ఆనించి వినాలనిపించింది, కదలొద్దని చెప్పారు, అయినా మెడ దానంతట అదే అటు వాలింది. ఎవరో వస్తున్నారమ్మా. రానీ. సంచి ఇంకా లేచింది. ఇప్పుడు ఆ రోజు తన ఒళ్లో పెట్టిన సగం సంచి అంత అయింది. అమ్మ నింపలేకపోయిన మిగతా సగం. ఇప్పుడు నింపుతోందా. ఎవరూ ఊదకుండా సంచి నిండుతుంటే ఎవరు ఊదుతున్నట్టు. గొట్టం మూతి గది మధ్యలోకి తెరుచుకుని ఉంది, అక్కడ మనిషి లేడు, మనిషి నోరుండాల్సిన ఎత్తులో ఉత్త గాలి ఉంది. పిట్ట ఆ గాలి వైపు చూస్తూ, ఎప్పటిలాగే కొంచెమే పీల్చింది. కొంచెమే. తల తిరిగినట్టయి, బీరువా వెనక నుంచి తొంగి చూస్తున్న నల్లటి మరక కూడా పీల్చినట్టు కదిలింది.

మరక సంగతి పిట్టకు తెలుసు. మొదట అది బీరువా చాటున ఉండేది, ఇంటికి కొత్తగా వచ్చిన కోడలిలా. తర్వాత భుజం బయటపెట్టింది. తర్వాత మెడ. ఇప్పుడు పైకప్పు దాకా జుట్టు విరబోసుకుంది. దాన్ని తుడవాలంటే కిటికీ తీయాలి, అందుకని తుడవలేదు. పైగా కొన్ని రోజులు దాని ఆకారం చూస్తే పక్కకు తిరిగి పడుకున్న ఆడమనిషిలా ఉండేది, ముఖం లేదు, వీపే. చెవి ఆనించదగ్గ వీపు. ఇప్పుడు ఆ వీపు వైపు చూస్తుంటే పిట్టకు ఇంతవరకు రాని ఆలోచన ఒకటి వచ్చింది, వద్దంటున్నా వచ్చింది, సూది మొనంత దారి చూసుకుని. ఇన్ని నెలలుగా ఈ గదిలో ఉన్నదాన్ని తను పీలుస్తోంది, వదులుతోంది, మళ్లీ దాన్నే పీలుస్తోంది. ఒక్కటే చెంబు నీళ్లు పొద్దస్తమానం పుక్కిలించినట్టు. ఇంక ఇందులో అమ్మ ఎంత, తను ఎంత. అమ్మ ఎప్పుడో తనలోంచి వెళ్లి, వెళ్లి, అయిపోయి ఉండాలి. అయితే ఇన్నాళ్లూ రబ్బరు అతికించి, చీర కుక్కి, దగ్గు మింగి, ఈ గదిలో బందీగా పెట్టింది ఎవరిని. మరి అయిపోయింది అమ్మ అయితే, పొద్దున్నే ఛాతీ మీద కూర్చుని లేచి వెళ్లేది ఎవరు.

దగ్గు వచ్చింది. ఈసారి మింగడం కుదరలేదు. వంగిపోయి, మంచం కోడు పట్టుకుని, కళ్లు బైర్లు కమ్మేదాకా దగ్గింది. తల ఎత్తేసరికి మోటారు ఆగిపోయి ఉంది, సంచి నిండుగా, బిగువుగా, తన వైపు తిరిగి కూర్చుని ఉంది.

తలుపు తెరుచుకుంది. చీర మడత తలుపుకు అడ్డం పడితే సంచులక్క దాన్ని కాలితో పక్కకు జరిపి, లోపలికి ఒక్క అడుగు వేసి ఆగింది. ఇందాక హడావిడిలో పట్టించుకోని వాసన ఇప్పుడు ముఖానికి కొట్టినట్టుంది. ఇంకో సంచి పిట్టకు అందించింది. "ఇదిగో, ఇందులో ఊదు. గట్టిగా వద్దు, చివరిదాకా."

"చివరిదాకా అంటే ఎంతక్కా?"

"ఇంక లేదు అనిపించేదాకా."

పిట్ట ఊదింది. గుమ్మంలో నిలబడి రోజూ చేసే పనే కదా, ఖాళీ అయ్యేదాకా వదలడం ఆమెకు బాగా వచ్చు. సంచి నిండింది. "శభాష్, ట్యూబులోళ్ల పిల్లవనిపించుకున్నావు," అన్నాడు నాన్న గుమ్మంలోంచి, గొంతు అరువు తెచ్చుకున్నట్టు. సంచులక్క రెండు సంచుల్లోంచీ కొంచెం కొంచెం తన చిన్న మెషీనుకు పట్టింది. తెర మీద ఒక గీత నడిచింది, గది గీత. కొండలూ గుంటలుగా వెళ్లి ఆగింది. తర్వాత పిట్ట గీత మొదలైంది. అది గది గీత మీదే నడిచింది. కొండ దగ్గర కొండ, గుంట దగ్గర గుంట. నిద్రపోతున్న మనిషి పక్కన ఇంకో మనిషి వచ్చి, అదే వంపుతో పడుకున్నట్టు. సంచులక్క ఒక మీట నొక్కింది. కొండలన్నీ కుంగి, తెర మీద నేల లాంటి సన్నని గీత మాత్రం మిగిలింది.

"ఏమైంది మేడమ్," అన్నాడు నాన్న.

"గదిని తీసేస్తే ఏమీ మిగలట్లేదన్నా."

"మిగలకపోవడమేంటి, పిల్ల ఇక్కడే ఉందిగా."

"మంచి మాటే చెబుతున్నా. ఒంట్లో పుట్టింది ఏమీ కనిపించట్లేదు. ఉన్నదంతా గదిలోంచి లోపలికి పోయిందే. ఇది చిన్న మెషీను, పెద్దదాంట్లో వేసి చూస్తేగానీ ఖాయంగా చెప్పలేను. కానీ..." ఆమె తెర మీద గది గీతను మళ్లీ తెచ్చి, అందులో ఒంటరిగా లేచిన ఒక కొండ దగ్గర వేలు పెట్టింది. "ఇదొకటుంది. మీ ఆవిడ సంచులన్నిటిలోనూ ఇది ఉండేది. ఆసుపత్రి గాలిని తీసేసినా ఇది మిగిలిపోయేది. ఆవిడదే అనుకున్నాం. ఈ గదిదేమోనని గదిని మేము ఎప్పుడూ అడగలేదు."

నాన్నకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. తర్వాత లోపలికి వచ్చాడు. ఇన్నాళ్లకు మొదటిసారి. బీరువాకు భుజం ఆనించి తోశాడు. గోడంతా నల్లగా, మెత్తగా, బూజు నూగు పట్టి ఉంది. "ఆవిడ ఉన్నప్పుడు ఇది అరచేయంతే," అన్నాడు. "సున్నం కొట్టిస్తానంటే వాసన పడదులే, ఉండనీ అంది." గోడను ముట్టుకోబోయి చేయి వెనక్కి తీసుకున్నాడు. పిట్ట మాత్రం తెర మీద కొండనే చూస్తోంది. తను దాచింది అబద్ధం కాదన్నమాట. అమ్మది నిజంగానే ఈ గదిలో ఉంది, ఒక గీతంత ఉంది, బిగించిన సంచిలో ఉన్నట్టే చెక్కుచెదరకుండా ఉంది. ఆ బూజే అమ్మను తినేసింది. రెండూ ఒకటే గీత. అమ్మతో పాటు దాన్ని కూడా లోపల పెట్టి, సందులన్నీ మూసి, తన ఊపిరి పోసి పెంచింది.

నాన్న కిటికీ దగ్గరికి వెళ్లి పరదా పక్కకు లాగి, రెక్క తోశాడు. రాలేదు. ముఖం దగ్గరగా పెట్టి చూశాడు, వేలితో రబ్బరు అంచు తడిమాడు. ముక్కలు చక్కగా, మూలలు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి, మూలలు కోసుగా ఉంటే త్వరగా లేచిపోతాయి కనుక. ఎవరు చేశారని ఆయన అడగలేదు. తన కొట్టు పనిని ఆయన ఎక్కడైనా గుర్తుపడతాడు. ఎందుకు చేసిందో కూడా ఎక్కడో తట్టి ఉండాలి, గడ్డం కింద నరం ఒకటి కదిలింది. "బుడగ కూడా రాదు," అన్నాడు మెల్లగా. "ఇంత బాగా నేను కూడా వేయను పిట్టా." తర్వాత జేబులోంచి రేకు గరిటె లాంటి తన పనిముట్టు తీసి పిడి వైపు ఆమెకు అందించాడు. "వేసినవాళ్లే తీయాలి. ఇంకొకళ్లు తీస్తే చిరుగుతుంది."

ఒక్కో ముక్కా సన్నగా అరుస్తూ ఊడింది. గొళ్లెం చిల్లు మీది గుండ్రటి ముక్క దగ్గర పిట్ట చేయి ఆగింది. ఇది తీస్తే పోతుంది. సర్రున పోతుంది, వీధిలోకి, బస్సుల మధ్యలోకి, ఎవరెవరి ముక్కుల్లోకో పోతుంది, ఇక పట్టుకోవడానికి ఉండదు. చివరిసారి అనుకుని గదిలోది నిండుగా పీల్చబోయి, మానేసింది. అందులో ఏముందో ఇప్పుడు తెలుసు. కళ్లు మూసుకుని ముక్క లాగింది, రెక్కలు తోసింది. గదిలోది బయటికి దూకుతుందని, పరదా కిటికీలోంచి వీధిలోకి ఎగురుతుందని, తను దాని కొస పట్టుకోవాల్సి వస్తుందని అనుకుంది. అలా జరగలేదు. బయటిదే లోపలికి వచ్చింది. పరదా ఉబ్బి, మంచం మీదుగా వచ్చి, పిట్ట ముఖాన్ని కప్పి, చెంప తడిమి, మెల్లగా వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. ఇన్ని నెలలుగా ఊపిరి బిగబట్టి నిలబడ్డ గది, ఆ మధ్యాహ్నం రావాల్సి ఉండి రాని ఊపిరిని, ఇప్పుడు లోపలికి తీసుకుంది.

కింద వీధిలో సంచులక్క బండి తలుపు తీసింది. పిట్ట సంచిని పెట్టెలో పెట్టి వెనక సీటులోకి చేర్చింది. గది సంచి మరీ నిండుగా ఉండి పెట్టెలో పట్టలేదు. దాన్ని ముందు సీటులో కూర్చోబెట్టి, దొర్లిపోకుండా బెల్టు తెచ్చి అడ్డంగా వేసింది. వేసి, ఒత్తుకుంటుందేమోనని బెల్టును చేత్తో ముందుకు లాగి, వదులు చేసింది. అమ్మ ఇదే సీటులో ఆసుపత్రికి వెళ్లేటప్పుడు బెల్టును అచ్చం అలాగే పట్టుకునేది, నొక్కుకుంటే ఊపిరాడదే అంటూ, దారి పొడుగునా ఛాతీ మీద ఆననివ్వకుండా. బండి కదిలింది. వెండి సంచి కుదుపుకు కొంచెం ముందుకు వంగి, మళ్లీ వెనక్కి ఆనుకుని కూర్చుంది. వీధి గుమ్మంలో నిలబడ్డ నాన్న, ఎప్పుడూ ఆ బండి వెళ్తుంటే చేసే అలవాటు కొద్దీ, చేయి ఎత్తాడు. ఎత్తాక తనకే తెలిసి, దించబోయి, దించలేదు. పైన కిటికీలో పిట్ట కూడా చేయి ఎత్తింది. వెనక నుంచి పరదా మళ్లీ వచ్చి వీపుకు ఆనింది, చెవి పెట్టి వింటున్నట్టు. పిట్ట వెనక్కి తిరగలేదు. విననీ అనుకుని, లెక్క చూసుకోకుండా, నిండుగా ఊపిరి తీసుకుంది.